కుక్కపిల్లకూ తల్లి ఒడే తొలి బడి

పిల్లలూ! చలికాలం వచ్చిందంటే మన వీధుల్లో కొత్త అతిథులు కనిపిస్తారు. గడ్డివాము పక్కనో, పాడుబడిన గోడ మూలనో, మెట్ల కిందనో ఒక తల్లికుక్క పడుకొని ఉంటుంది. దాని పొట్టను ఆనుకొని నాలుగైదు బొద్దు పిల్లలు పాలు తాగుతుంటాయి. నెల తిరిగేసరికి అవి తప్పటడుగులు వేస్తూ వీధిలోకి వస్తాయి. అప్పుడు వాటిని కాస్త పరీక్షగా చూడండి. ఒకటి మనిషి కనబడగానే తోక ఊపుతూ ఎదురొస్తుంది. ఇంకొకటి అరుగు కిందికి దూరి కళ్ళు మిటకరిస్తుంది. మరొకటి ఊరికే గుర్రుమంటుంది.

తల్లి ఒకటే, పాలు ఒకటే. మరి ఇన్ని రకాల బుద్ధులు ఎక్కడివి? పెద్దవాళ్ళను అడిగితే "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అంటారు. ఆ పెద్దవాళ్ళే మరో రోజు "మొక్కై వంగనిది మానై వంగునా?" అంటారు. మొదటి సామెత గుణమంతా పుట్టుకలోనే ఉన్నదంటున్నది. రెండవది చిన్నతనంలో పెంచిన తీరును బట్టి ఉంటుందంటున్నది. ఈ రెండింటిలో ఏది నిజం? శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను కుక్కలనే అడిగి చూశారు. అవి చెప్పిన సమాధానమేమిటో ఇప్పుడు తెలుసుకుందాం.

పుట్టిన నాటి కుక్కపిల్ల

ఆవుదూడ పుట్టిన గంటా రెండు గంటల్లో లేచి నిలబడుతుంది. తల్లిని చూస్తుంది, అరుపు వింటుంది. కుక్కపిల్ల అలా కాదు. తల్లి కడుపులో అది ఉండేది సుమారు 63 రోజులే. అందుచేత అది పూర్తిగా తయారు కాకుండానే బయటికి వస్తుంది. పుట్టినప్పుడు దాని కళ్ళు మూసుకొని ఉంటాయి. అవి తెరుచుకోవడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. చెవి రంధ్రాలు తెరుచుకొని శబ్దాలు సరిగా వినబడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. నిలబడలేదు, పొట్ట మీద పాకుతుంది. తన ఒంటి వేడిని తానే నిలుపుకోలేదు. తల్లి కాసేపు లేచి వెళితే పిల్లలన్నీ ఒకదానిమీద ఒకటి పడి కుప్పగా పడుకోవడం మీరు చూసే ఉంటారు. చలి కాచుకోవడానికి వాటికి తెలిసిన ఉపాయం అదొక్కటే.

ఇంకా విచిత్రమైన సంగతి ఉన్నది. ఈ పసికూన తనంతట తాను మలమూత్రాలు కూడా విసర్జించలేదు. తల్లి నాలుకతో దాని పొట్ట కింది భాగాన్ని నాకుతుంది. ఆ స్పర్శ తగిలితేనే విసర్జన జరుగుతుంది. తల్లి నాకడం పిల్లను శుభ్రం చేయడానికే అనుకుంటాం గాని, తొలి రోజుల్లో అది పిల్ల ప్రాణం నిలిపే పని. తొలి రోజు తాగే ముర్రుపాలు కూడా అంతే. వ్యాధులను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు ఎక్కువగా ఆ పాల ద్వారానే పిల్లకు అందుతాయి.

ఇప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి. చూపు లేదు, వినికిడి లేదు. ఆ పిల్లకు లోకం ఎలా తెలుస్తుంది? స్పర్శ, వెచ్చదనం, వాసన, రుచి ద్వారా తెలుస్తుంది. ఈ నాలుగింటికీ మూలం తల్లే. మొదటి రెండు వారాలు దానికి తల్లి అంటే లోకం, లోకమంటే తల్లి.

తల్లి చెప్పే పాఠాలు

మూడవ వారం నుంచి పిల్ల జీవితం మారిపోతుంది. చూస్తుంది, వింటుంది, నడవడం మొదలుపెడుతుంది. పాలపళ్ళు మొలవడం కూడా అప్పుడే మొదలు. ఆ పళ్ళు సూదుల్లా ఉంటాయి. పాలు తాగేటప్పుడు అవి తల్లికి గుచ్చుకుంటాయి. తల్లి గుర్రుమంటుంది, లేదా లేచి వెళ్ళిపోతుంది. పిల్లకు పాలు ఆగిపోతాయి. 'గట్టిగా కొరికితే పాలు ఉండవు' అన్నది అది నేర్చుకునే మొదటి పాఠాల్లో ఒకటి. తోబుట్టువులతో కుస్తీ పడేటప్పుడు రెండవ పాఠం. గట్టిగా కరిస్తే అవతలి పిల్ల కీచుమని అరచి ఆట మానేస్తుంది. ఇలా పంటి బలాన్ని అదుపులో పెట్టుకోవడం అలవడుతుంది. పెద్ద కుక్క మన చేతిని నోట పట్టుకొని కూడా గాటు పడకుండా ఆడుతున్నదంటే, ఆ నేర్పు అది చిన్ననాడు నేర్చుకొన్నదే.

రోజులు గడిచేకొద్దీ తల్లి పాలిచ్చే పద్ధతి కూడా మారుతుంది. మొదట్లో పూర్తిగా పడుకొని ఇస్తుంది. తరువాత కూర్చొని, ఆ తరువాత నిలబడి ఇస్తుంది. అప్పుడు పిల్లలు వెనుక కాళ్ళ మీద లేచి, మెడలు చాచి అందుకోవాలి. మధ్యలోనే తల్లి నడిచి వెళ్ళిపోతుంది, పిల్లలు వెంటపడతాయి. చూసేవారికి 'అయ్యో, ఎంత కఠినమైన తల్లి!' అనిపిస్తుంది. ఇది నిజంగా కఠినత్వమేనా? ఈ ప్రశ్నను గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

పొలంలో పెరిగిన పిల్లలు

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో బార్ హార్బర్ అనే ఊరున్నది. అక్కడి జాక్సన్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు ఐదు జాతుల కుక్కలను ఏళ్ళ తరబడి పరిశీలించి, 1965లో ఒక పెద్ద గ్రంథం వెలువరించారు. కుక్కపిల్ల జీవితంలో సుమారు 3వ వారం నుంచి 12వ వారం వరకు చాలా కీలకమైన కాలమని వారు తేల్చారు. ఎవరు తనవారు, దేనికి భయపడాలి, దేనికి భయపడనక్కరలేదు అన్నది పిల్ల ముఖ్యంగా ఆ రోజుల్లోనే నేర్చుకుంటుంది.

దీనికి ఆధారంగా అక్కడే జరిగిన ఒక ప్రయోగం 1961లో వెలువడింది. కొన్ని కుక్కపిల్లలను వాటి తల్లులతోపాటు ఎత్తైన కంచె గల పొలంలో ఉంచారు. మనుషులు వాటి కంట పడకుండా ఆహారం అందించారు. కొన్ని పిల్లలను మాత్రం వేరువేరు వయసుల్లో ఒక్కొక్క వారంపాటు బయటికి తెచ్చి, మనుషులతో ఆడించి, మళ్ళీ పొలంలో వదిలారు. 14 వారాలు నిండాక అన్నింటినీ పరీక్షించారు. కీలకమైన ఆ కాలంలో ఒక్క వారమైనా మనుషుల మధ్య గడిపినవి మనుషుల దగ్గరకు రాగలిగాయి. ఒక్కసారి కూడా మనిషిని చూడని పిల్లలు మాత్రం అడవి జంతువుల్లా బెదిరిపోయాయి. ఆ తరువాత ఎంత బుజ్జగించినా వాటిని మచ్చిక చేయడం చాలా కష్టమైంది.

ఇందులో ఒక సంగతి గమనించారా? ఆ బెదురు పిల్లలకు తల్లి లేకపోలేదు. తల్లి పక్కనే ఉన్నది, పాలిచ్చింది. అంటే తల్లి పెంపకం అవసరమే గాని, అదొక్కటే చాలదన్నమాట. తల్లి పక్కన ఉండగానే బయటి లోకం కూడా కొద్దికొద్దిగా పరిచయం కావాలి.

పెంపకమా? పుట్టుకా?

తరగతిలో ఈ పాఠం చెబుతుంటే చురుకైన విద్యార్థి ఎవరో ఒకరు తప్పక అడుగుతారు: "మాస్టారూ! నెమ్మదైన తల్లికి నెమ్మదైన పిల్లలు పుడితే, అది పెంపకం వల్లనా? తల్లి నుంచి వచ్చిన జన్యువుల వల్లనా? రెండూ ఒకే తల్లి ఇచ్చినవే గదా!"

చాలా మంచి ప్రశ్న. దీన్ని తేల్చడానికి ఒక ఉపాయం ఉన్నది. పిల్లలు పుట్టగానే తల్లులను మార్చడమే ఆ ఉపాయం. పెంచిన తీరే ముఖ్యమైతే పిల్ల పెంపుడు తల్లిని పోలి ఉండాలి. జన్యువులే ముఖ్యమైతే కన్నతల్లిని పోలి ఉండాలి.

కెనడాలోని మాంట్రియల్ నగరంలో, మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ మీనీ, ఆయన సహచరులు ఈ పనిని ఎలుకలతో చేశారు. కొన్ని తల్లి ఎలుకలు పిల్లలను బాగా నాకుతాయి, కొన్ని తక్కువగా నాకుతాయి. బాగా నాకించుకొని పెరిగిన పిల్లలు పెద్దయ్యాక అంత తొందరగా బెదరవని, ఆపద వచ్చినప్పుడు వాటి ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు మితంగానే ఊరతాయని 1997లో వారు ప్రకటించారు. తరువాత తల్లులను మార్చి చూశారు. తక్కువగా నాకే తల్లికి పుట్టినా, ఎక్కువగా నాకే తల్లి దగ్గర పెరిగిన పిల్లలు ధైర్యంగా పెరిగాయి. అంతే కాదు, వాటిలో ఆడపిల్లలు తామే తల్లులైనప్పుడు తమ పిల్లలను బాగా నాకాయి! కన్నతల్లి నుంచి రాని గుణం పెంచిన తల్లి నుంచి వచ్చింది.

ఇది ఎలా సాధ్యం? 2004లో అదే బృందం దీని లోగుట్టు కొంత బయటపెట్టింది. మీ ఇంట్లో కరెంటు దీపం ఉన్నదనుకోండి. దీపం ఉన్నంత మాత్రాన వెలగదు, స్విచ్చి వేయాలి. జన్యువులకు కూడా అలాంటి స్విచ్చుల వంటి ఏర్పాటు ఉన్నది. ఒత్తిడిని అదుపు చేయడానికి మెదడులో ఒక జన్యువు పని చేయాలి. తల్లి బాగా నాకిన పిల్లల్లో ఆ జన్యువు ఎక్కువగా పని చేస్తున్నది. తక్కువగా నాకిన పిల్లల్లో ఆ జన్యువుకు మిథైల్ అనే చిన్న రసాయన గుంపులు ఎక్కువగా అతుక్కొని, దాన్ని అణచి ఉంచుతున్నాయి. జన్యువులోని రాత మారలేదు. అది పని చేసే తీరు మారింది. మార్చింది తల్లి నాలుక!

అయితే ఎలుకలో రుజువైనదంతా కుక్కలో అచ్చంగా అలాగే ఉంటుందని అనుకోకూడదు. కుక్కల సంగతి కుక్కల్లోనే చూడాలి.

సైనిక శిక్షణకు పుట్టిన పిల్లలు

స్వీడన్ దేశపు సైన్యం తన అవసరాల కోసం జర్మన్ షెపర్డ్ కుక్కలను పెంచుతుంది. అక్కడ పుట్టిన 22 ఈతల పిల్లలను లిన్‌షాపింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించారు. మొదటి మూడు వారాలు తల్లీపిల్లలను కెమెరాలతో చిత్రించారు. తల్లి ఎంతసేపు పిల్లల దగ్గర ఉన్నది, ఎంతసేపు పాలిచ్చింది, ఎన్నిసార్లు నాకింది అని లెక్కించారు. ఆ పిల్లలు సుమారు ఏడాదిన్నర వయసుకు వచ్చాక 94 కుక్కలకు ఒకే రకమైన పరీక్ష పెట్టారు. ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ఎక్కువ సంరక్షణ పొందిన పిల్లలు పెద్దయ్యాక మనుషులతో కలవడంలోనూ, వస్తువులతో చురుకుగా ఆడటంలోనూ ముందున్నాయి. ఎదురు తిరిగే దూకుడు కూడా వాటిలో ఎక్కువగానే కనిపించింది. మూడు వారాల నాటి లాలన ఏడాదిన్నర తరువాత కూడా జాడ వదిలిందన్నమాట!

అయితే ఎక్కువ లాలిస్తే అంతా మంచిదేనా?

తొందరపడకండి. మరుసటి సంవత్సరమే, 2017లో, ఇంకొక పరిశోధన వెలువడింది. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో 'సీయింగ్ ఐ' అనే సంస్థ ఉన్నది. అంధులకు దారి చూపే కుక్కలను అది తయారు చేస్తుంది. ఆ పని ఎంత కష్టమైనదో ఊహించండి. రోడ్డు మీద వాహనాలు మోగుతుంటాయి. ఎదురుగా పిల్లి పరుగెత్తుతుంది. తినుబండారాల వాసన వస్తుంది. దేనికీ చలించకుండా, దారిలో గోతులు తప్పిస్తూ యజమానిని నడిపించాలి. యజమాని 'పద' అన్నా, ముందు ప్రమాదం ఉంటే ఆగిపోవాలి. అందుకే శిక్షణకు వచ్చిన అన్ని కుక్కలూ ఇందులో నెగ్గలేవు.

ఎమిలీ బ్రే అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు అక్కడ 23 తల్లులను, వాటికి పుట్టిన 98 పిల్లలను పరిశీలించారు. పసితనంలో తల్లి అతిగా వెంట ఉండి లాలించిన పిల్లలే శిక్షణలో ఎక్కువగా తప్పాయి! తల్లి కూర్చొని గాని నిలబడి గాని పాలిచ్చిన పిల్లలు ఎక్కువగా నెగ్గాయి. ఇందాక గుర్తుంచుకోమన్న ప్రశ్న ఇదే. తల్లి నిలబడితే పిల్ల లేచి, తంటాలు పడి, కిందపడి, మళ్ళీ లేచి పాలు అందుకోవాలి. ఇలాంటి చిన్న చిన్న కష్టాలు దాటడం అలవాటైన పిల్ల తరువాత పెద్ద కష్టానికి బెంబేలెత్తదని పరిశోధకుల ఊహ.

మరి స్వీడన్ ఫలితానికీ దీనికీ పొత్తు కుదరడం లేదే అంటారా? ఇక్కడే శాస్త్రీయంగా ఆలోచించాలి. మొదటిది, రెండు చోట్లా కోరిన గుణాలు వేరు. సైనిక కుక్కకు ముందుకు దూకే చురుకు కావాలి. దారి చూపే కుక్కకు నిదానం కావాలి. రెండవది, రెండు చోట్లా కొలిచిన పద్ధతులు వేరు. మూడవది అన్నిటికన్నా ముఖ్యమైనది. ఈ రెండు పరిశీలనల్లోనూ ఎలుకలకు చేసినట్లు తల్లులను మార్చలేదు. కాబట్టి తల్లి పెంపకానికీ పిల్ల ప్రవర్తనకూ సంబంధం ఉన్నదని చెప్పగలంగాని, కారణం పెంపకం ఒక్కటేనని చెప్పలేం. జన్యువుల పాలు కూడా ఉండవచ్చు. రెండు సంగతులు జంటగా కనిపించినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణం కాదు. ఈ సూత్రాన్ని సైన్సు నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి.

మన వీధిలో ఏం జరుగుతున్నది?

మన దేశంలో కుక్కలన్నీ ఇళ్ళలో పెరిగేవి కావు. కలకత్తాలోని భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థలో అనిందితా భద్ర, ఆమె విద్యార్థులు ఏళ్ళ తరబడి వీధుల వెంట తిరిగి వీధికుక్కల సంసారాన్ని పరిశీలించారు. ఎన్నో ఆసక్తికరమైన సంగతులు తెలిశాయి. ఒక్కొక్క గుంపులో పిన్నమ్మలు, అమ్మమ్మలు కూడా పిల్లల్ని చూసుకోవడంలో చేయి వేస్తాయి. తల్లి పాలు మాన్పించే రోజుల్లో గడుసు పిల్లలు పాలున్న మరో కుక్క దగ్గరికి చేరి దొంగతనంగా తాగుతాయి! తల్లి కూడా మొదట్లో తిండిని పిల్లలకు వదిలిపెడుతుంది. పిల్లలు ఎదిగేకొద్దీ వాటితో పోటీపడి తానే తింటుంది. ఇక మీ తిండి మీరే వెతుక్కోండి అన్నట్లుగా!

అదే బృందం 2016లో బాధ కలిగించే ఒక లెక్క కూడా ప్రచురించింది. వారు గమనించిన 95 ఈతల్లో 364 పిల్లలు పుట్టాయి. వాటిలో పెద్దవయ్యేదాకా బతికినవి నూటికి 19 మాత్రమే. మరణాల్లో నూటికి 63 మనుషుల ప్రమేయం వల్ల జరిగినవే.

ముద్దుగా ఉన్నదని నెల నిండని పిల్లను తల్లి దగ్గరి నుంచి ఎత్తుకుపోవడం కూడా దానికి మేలు చేయదు. ఆ పిల్ల పాలకు దూరమవుతుంది. పంటిని అదుపు చేసుకునే పాఠం సగంలో ఆగిపోతుంది. 2011లో ఇటలీ పరిశోధకులు 140 కుక్కల యజమానులను విచారించారు. సగం కుక్కలు 30-40 రోజుల వయసులో తల్లి నుంచి విడివడినవి. మిగతా సగం రెండు నెలలప్పుడు విడివడినవి. ముందుగా విడివడిన కుక్కల్లో భయం, అతిగా మొరగడం, వస్తువులు పాడుచేయడం, తిండి దగ్గరికి ఎవరినీ రానీయకపోవడం ఎక్కువని తేలింది. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదని 2017లో మన కేంద్ర ప్రభుత్వం చేసిన నియమాలు కూడా చెబుతున్నాయి.

మరి మనమేం చేయాలి?

కుక్కపిల్లను పెంచుకోవాలనుకుంటే రెండు నెలలు నిండేదాకా తల్లి దగ్గరే ఉండనివ్వండి. అయితే పొలంలో పెరిగిన పిల్లల సంగతి గుర్తున్నదిగదా! ఇంట్లో పెంచుకునే కుక్క, మీకు బాగా అలవాటైన తల్లి అయితే, మూడవ వారం దాటాక పెద్దవాళ్ళ సమక్షంలో రోజూ కాసేపు పిల్లల దగ్గర కూర్చోండి. మీ వాసనకు, మీ మాటకు అవి అలవాటు పడతాయి. కొత్త పిల్ల ఇంటికి రాగానే పశువైద్యుని దగ్గరకు తీసుకెళ్ళి టీకాలు వేయించండి.

వీధిలో ఈనిన కుక్క దగ్గరకు మాత్రం వెళ్ళకండి. పిల్లలున్న తల్లి ఎంత సాధువైనా కరుస్తుంది. అది దాని తప్పు కాదు, దాని బాధ్యత. దూరంగా ఒక గిన్నెలో నీళ్ళు, కాస్త అన్నం పెట్టి రండి. పొరపాటున కుక్క గాని, కుక్కపిల్ల గాని కరిచినా గీరినా దాచకండి. వెంటనే ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. ఇంట్లో చెప్పి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. రేబిస్ వ్యాధి కుక్కపిల్ల కాటు వల్ల కూడా వస్తుంది. లక్షణాలు బయటపడిన తరువాత దాని నుంచి బతకడం దాదాపు అసాధ్యం. సకాలంలో టీకా వేయించుకుంటే మాత్రం ఆ వ్యాధి రాకుండా చూసుకోవచ్చు.

ఇక మొదటి ప్రశ్నకు జవాబు. పుట్టుక సామెతలో కొంత నిజమున్నది, మొక్క సామెతలో కొంత నిజమున్నది. జన్యువులు విత్తనం వంటివి. తల్లి పెంపకం తొలి నీరు, తొలి నీడ. దగ్గరగా ఉండవలసిన రోజుల్లో దగ్గరగా ఉండి, దూరం జరగవలసిన రోజుల్లో కొద్దికొద్దిగా దూరం జరిగే తల్లి, పిల్లకు లోకాన్ని నేర్పుతున్నది. ఆ చదువు పూర్తయ్యేందుకు కావలసింది ఎనిమిది వారాలు. అంత వ్యవధి దానికి మనం ఇవ్వలేమా?

పరిశీలించండి

మీ వీధిలో తల్లికుక్క ఉంటే పెద్దవాళ్ళను వెంటబెట్టుకొని, కనీసం ఇరవై అడుగుల దూరంలో నిలబడి, రోజూ ఒకే వేళకు పది నిమిషాలు చూడండి. నోటుబుక్కులో ఇవి రాయండి: పిల్లల వయసు సుమారుగా ఎన్ని వారాలు? తల్లి ఎన్నిసార్లు నాకింది? పాలిచ్చేటప్పుడు పడుకొన్నదా, కూర్చొన్నదా, నిలబడ్డదా? మధ్యలో ఎన్నిసార్లు లేచి వెళ్ళింది? నాలుగు వారాల తరువాత మీ పట్టిక చూసుకోండి. తల్లి తీరులో వచ్చిన మార్పు మీకే తెలుస్తుంది.

ఆలోచించండి

1. కుక్కపిల్లతో పోలిస్తే ఆవుదూడ పుట్టగానే నిలబడగలగడం వల్ల దానికి కలిగే లాభమేమిటి?
2. తల్లులను మార్చి పెంచే ప్రయోగం వల్ల ఏ సందేహం తీరుతుంది?
3. దారి చూపే కుక్కల పరిశీలనలో తల్లి పెంపకమే కారణమని రూఢిగా ఎందుకు చెప్పలేం?
4. కోడిపిల్ల, కుక్కపిల్ల, మనిషి బిడ్డ - పుట్టిన రోజున ఎవరు ఏమేం చేయగలరో ఒక పట్టిక తయారు చేయండి.